నాలుగేళ్ల ఆలస్యం ఎవరిది? చైనా గనుల నిబంధనల మీద రాసిన ఒక చాప్టర్ తిరిగొచ్చిన కేసు

చరిత్రలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు చాలా ఏళ్లుగా గైడ్‌గా ఉన్నాను. కమిటీ చాప్టర్ తిప్పి పంపడం కొత్తేమీ కాదు. అయితే ఒక చాప్టర్‌ని మొదట నేనే తప్పుదారి పట్టించాను, దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ కేసు ఇక్కడ రాసి పెడుతున్నాను. విద్యార్థి పేరు, యూనివర్సిటీ, సంవత్సరం చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. అతను చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. బొగ్గు గనుల ఊళ్లో పెరిగినవాడని మాత్రం చెప్పాలి. ఆ సంగతి తర్వాత పనికొస్తుంది.

నేపథ్యం

1902 సెప్టెంబరు 5న షాంఘైలో బ్రిటన్, చైనా ఒక వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. విదేశీయులకు వ్యతిరేకంగా లేచిన బాక్సర్ల తిరుగుబాటును అణిచివేశాక విదేశాలు 1901లో చైనా చేత ఒక ఒడంబడిక రాయించుకున్నాయి. వ్యాపార ఒప్పందాలు సవరించుకోవాలన్న షరతు అందులోనే ఉంది. ఆ పని మీద బ్రిటన్ పంపిన మనిషి జేమ్స్ లైల్ మకాయ్. తర్వాతి రోజుల్లో లార్డ్ ఇంచ్‌కేప్ అయ్యాడు. కలకత్తాలో మెకినన్ మెకంజీ కంపెనీలో పైకొచ్చి, బెంగాల్ చాంబర్ ఆఫ్ కామర్స్‌కి అధ్యక్షుడిగా చేసినవాడు. చైనా తరఫున ల్యూ హైహువాన్, షెంగ్ షువాన్‌హువాయ్ కూర్చున్నారు.

ఒప్పందంలో ఎక్కువ గొడవ లికిన్ గురించే. సరుకు దేశం లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంటే దారిలో వసూలు చేసే సుంకం అది. మన చెక్‌పోస్టుల లాంటివే, కాకపోతే అడుగడుగునా. మా కేసుకి కావలసింది మాత్రం తొమ్మిదో ఆర్టికల్. ఖనిజ సంపద పైకి తీయడం, దానికి సొంత పెట్టుబడితో పాటు విదేశీ పెట్టుబడినీ రప్పించడం దేశానికి మేలని చైనా అందులో ఒప్పుకుంది. సంతకాలైన ఏడాదిలోగా గనుల నిబంధనల సవరణ మొదలుపెట్టి ముగిస్తానని మాటిచ్చింది. బ్రిటన్, ఇండియా, ఇతర దేశాల నిబంధనల్లోంచి తనకు పనికొచ్చేవి ఏరుకుంటానంది. కొత్త నిబంధనలు చైనా సార్వభౌమత్వానికి భంగం కలిగించకూడదు. అదే సమయంలో విదేశీ పెట్టుబడిదారుకి మామూలుగా బయటి దేశాల్లో ఉండే నిబంధనల కంటే ఎక్కువ ఇబ్బంది కూడా పెట్టకూడదు.

మావాడు ఈ టాపిక్ ఎంచుకోవడానికి కారణం అందులో కనిపించిన ‘ఇండియా’ అన్న ఒక్క మాట. “మేడం, మన గనుల రూల్సు చూసి చైనా రూల్సు రాయమన్నారంటండీ” అంటూ మొదటిసారి నా గదికి వచ్చాడు. ఆ ఉత్సాహం చూసే ఒప్పుకున్నాను.

గడువు 1903 సెప్టెంబరు 5తో తీరిపోయింది. పూర్తి స్థాయి నిబంధనలు 1907 సెప్టెంబరులో గానీ రాలేదు. నాలుగేళ్ల ఆలస్యం. ఆ నాలుగేళ్లూ పెకింగ్‌లోని (ఇప్పటి బీజింగ్) బ్రిటిష్, అమెరికన్ రాయబారులు చైనా విదేశాంగ శాఖకు నోట్ల మీద నోట్లు పంపారు. బ్రిటిష్ రాయబారిగా 1906 దాకా ఎర్నెస్ట్ సాటో, తర్వాత జాన్ జోర్డాన్. అమెరికా తరఫున 1905 దాకా కాంగర్, ఆ తర్వాత రాక్‌హిల్. ఆ ఒత్తిడి చరిత్రే అతని చాప్టర్.

సమస్య

మొదటి డ్రాఫ్టు బాగానే ఉంది. ఇంగ్లీషు శుభ్రంగా ఉంది, ఫుట్‌నోట్లు దండిగా ఉన్నాయి. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న సామెతను ఎపిగ్రాఫ్‌గా పెట్టుకున్నాడు. వాదన ఇది: చైనాను ఏలుతున్న చింగ్ సామ్రాజ్యం అప్పటికి కుళ్లిపోయింది, అధికారులకు పని చేతకాదు, మాటిచ్చి నిలబెట్టుకోలేదు, అందుకే బయటివాళ్లు ఒత్తిడి చేయాల్సి వచ్చింది.

డాక్టోరల్ కమిటీలో ఒక సభ్యుడు మూడు ముక్కల్లో తేల్చేశారు. “ఇది ఫిర్యాదుదారు పిటిషన్ చదివినట్టుంది. తీర్పు చదివినట్టు లేదు. తిరిగి రాయించండి.”

మావాడు టెన్షన్ పడిపోయాడు. నిజానికి ఆ మాట తగలాల్సింది నాకు. పత్రాల్లో ‘డిలే’ అన్న మాట కనిపించినచోటల్లా అది జరిగిన సంగతి అనుకున్నాం. అది ఒక పక్షం చేసిన ఆరోపణ కూడా అని ఇద్దరికీ తట్టలేదు.

మొదటి ప్రయత్నం

నేనిచ్చిన మొదటి సలహా తప్పు. సోర్సులు చాలలేదని కమిటీకి అనిపించి ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. బ్రిటిష్ పత్రాలు మాత్రమే కాకుండా అమెరికా విదేశాంగ శాఖ ఏటా అచ్చువేసే దౌత్య పత్రాల సంపుటాలు కూడా చూడమన్నాను. రెండు దేశాలు విడివిడిగా ఒకటే చెబుతుంటే వాదనకు బలం వస్తుందన్నది నా లెక్క.

మూడు నెలలు కూర్చుని కార్డుల కట్టలు తెచ్చాడు. అమెరికన్లు కూడా అదే అన్నారు: ఆలస్యం, ఒప్పంద ఉల్లంఘన. చాప్టర్ లావెక్కింది, వాదన అంగుళం కదల్లేదు.

లోపం ఎక్కడుందో ఆ రెండు ఒప్పందాల్నీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు గానీ తెలియలేదు. అమెరికా 1903 అక్టోబరు 8న చైనాతో చేసుకున్న ఒప్పందంలో ఏడో ఆర్టికల్ గనులది. ఏడాది గడువు, సార్వభౌమత్వం, విదేశీ పెట్టుబడికి అడ్డులేకపోవడం, అన్నీ బ్రిటిష్ ఆర్టికల్‌లోని వాక్యాలే దాదాపు మాట పొల్లుపోకుండా ఉన్నాయి. ‘బ్రిటన్, ఇండియా’ అన్నచోట ‘అమెరికా’ చేరింది. తమ పౌరులు అక్కడ గనులు తవ్వుకోవచ్చన్న మాట అదనంగా వచ్చింది. అంటే మేం ఇద్దరు సాక్షులనుకున్నది ఒకే సాక్షిని. ఒకరి కాగితం చూసి ఇంకొకరు రాసుకున్న ఫిర్యాదు అది. పరీక్ష హాల్లో పక్కవాడి పేపర్‌తో తన జవాబు సరిచూసుకుని “ఇద్దరికీ ఒకటే వచ్చింది, కరెక్టే” అనుకోవడం లాంటి పని మాది.

రెండో ప్రయత్నం

అవతలి పక్షం వినకపోవడమే తప్పు కాబట్టి ఈసారి చైనా వైపు వెళ్దామనుకున్నాం. మావాడికి చైనీస్ రాదు. ఇంగ్లీషులో అచ్చయిన పరిశోధనల మీద, చైనీస్ చదవగలిగే ఒక స్నేహితురాలి సాయం మీద ఆధారపడ్డాం.

అక్కడ అతనికి షాన్షీ రాష్ట్రం కథ దొరికింది. మంచి కథ. 1897లో ఆంజెలో లుజ్జాటి అనే ఇటాలియన్ లండన్‌లో పెకింగ్ సిండికేట్ అన్న కంపెనీ పెట్టాడు. 1898లో షాన్షీలోని యుషియన్, పింగ్‌డింగ్, లూఆన్, జేజౌ ప్రాంతాల్లో బొగ్గు, ఇనుము తవ్వడానికి 60 ఏళ్ల హక్కు సంపాదించింది ఆ కంపెనీ. నికర లాభంలో 25 శాతం చైనా ప్రభుత్వానికి. అదే ఏడు పక్కనున్న హెనాన్‌లోనూ ఇలాంటి హక్కే దక్కింది. ఏళ్లు గడిచాయి, షాన్షీలో కంపెనీ గని నడపడం మొదలుపెట్టలేదు. 1905లో మాత్రం ఆ ప్రాంతాల్లో తాము తప్ప స్థానికులెవరూ తవ్వకూడదని పట్టుబట్టింది. వెనక బ్రిటిష్ రాయబార కార్యాలయం ఉంది. తాతల కాలం నుంచి బొగ్గు తవ్వుకుని బతుకుతున్న ఊళ్లు భగ్గుమన్నాయి. ఊరి పెద్దలు, వ్యాపారులు, జపాన్‌లో చదువుకుంటున్న విద్యార్థులు ఒక్కటయ్యారు. 1906లో లీ పెయ్‌రెన్ అనే షాన్షీ విద్యార్థి నిరసనగా జపాన్‌లో సముద్రంలో దూకి చనిపోయాడు. చివరికి 1908 జనవరిలో 27.5 లక్షల టేళ్ల (టేల్ అంటే చైనా తూకం) వెండి ఇచ్చి ఆ హక్కును తిరిగి కొనుక్కున్నారు. తవ్వని బొగ్గుకి కట్టిన పరిహారం అది.

మావాడి డ్రాఫ్టు ఈసారి పూర్తిగా తిరగబడింది. మొదటిదాంట్లో చైనా చేతకానిది. రెండోదాంట్లో చైనా వీరనారి, విదేశీయులు దొంగలు. ఆగస్టు పదిహేనున మైకు ముందు చదవడానికి పనికొస్తుంది, థీసిస్‌కి కాదు. పైగా ఒక తప్పు కూడా దొర్లింది. పాత ఇంగ్లీషు పత్రాల్లో షాన్సీ అని ఒకటి, షెన్సీ అని ఒకటి కనిపిస్తాయి. రెండూ వేరు వేరు రాష్ట్రాలు. ఇతని కార్డుల్లో కొన్ని కలగాపులగం అయిపోయాయి. ఎక్కడివక్కడ పెట్టేసరికి వారం పట్టింది.

ఈ డ్రాఫ్టు కమిటీ దాకా పోనివ్వలేదు. ప్రశ్న మారకుండా జవాబు మాత్రమే మారింది. ‘తప్పెవరిది’ అన్న ప్రశ్నకు ముందు ‘చైనాది’ అని, ఇప్పుడు ‘బ్రిటన్‌ది’ అని రాశాడు. జవాబు తిరగేసినంత మాత్రాన లోతు రాదని చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. రెండు వారాలు ఫోన్ చేయలేదు.

పక్కదారి: సింగరేణి

తిరిగొచ్చినప్పుడు కొత్త ఐడియాతో వచ్చాడు. 1886లో నిజాం ప్రభుత్వం వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి 99 ఏళ్లకు గనుల హక్కు ఇచ్చింది. దాని మీద లండన్‌లో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. షేర్ల వ్యవహారం కంపు కొట్టి 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. మనవాళ్లు చాలామంది సింగరేణి చరిత్రను 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తీయడంతో మొదలుపెడతారు గానీ, బొగ్గు కంటే ముందే షేర్లు అమ్ముడుపోయాయి. చైనాతో దీన్ని పోలుస్తానన్నాడు. సొంత ఊరి సంగతి కదా, కళ్లు మెరుస్తున్నాయి.

నెల టైమిచ్చాను. పోలిక నిలబడలేదు. హైదరాబాదులో జరిగింది నిబంధనల గొడవ కాదు, వాటాల మోసం. పైగా నిజాం మీద ఇండియా ప్రభుత్వం ఉంది, దాని మీద లండన్. చైనా మీద అలా ఒకే పైఅధికారి లేడు, డజను మంది రాయబారులున్నారు. ఆ భాగం మొత్తం కొట్టేయించాను. ఇప్పటికీ అతనికి ఆ బాధ ఉంది.

అయినా ఆ నెల వృథా కాలేదు. గనుల హక్కు కాగితం చేతికొచ్చిన రోజే దానికి ధర వస్తుందని, గడ్డపార నేలను తాకకపోయినా అది లండన్ బజారులో సరుకేనని అతనికి అర్థమైంది. ఆ చూపుతో తొమ్మిదో ఆర్టికల్ మళ్లీ చదివాడు.

ఏది పనిచేసింది

మొదట తేదీలు. గోడకు పెద్ద చార్ట్ కాగితం అంటించి రెండు వరసలు గీయించాను. ఒక వరసలో చైనా ప్రభుత్వం ఏ రోజు ఏ నిబంధన తెచ్చింది. రెండో వరసలో విదేశీయులు ఏ రోజు ఏమడిగారు, ఏం పుచ్చుకున్నారు. ఎవరి మనసులో ఏముందో ఒక్క మాట రాయకూడదని షరతు పెట్టాను. అన్ని డ్రాఫ్టుల్లోనూ మమ్మల్ని ముంచింది ఉద్దేశాలు అంటగట్టడమే.

రెండో రోజే ఒక తప్పు బయటపడింది. ఒక నిబంధన తేదీ ‘గ్వాంగ్‌షూ 28, రెండో నెల’ (గ్వాంగ్‌షూ చక్రవర్తి పాలనలో 28వ ఏడు) అని ఉంటే ఫిబ్రవరి 1902 అని వేసుకున్నాడు. చైనా నెలలు మనలాగే చాంద్రమానం లెక్క. రెండో నెల అంటే ఫిబ్రవరి కాదు, ఆ ఏడు మార్చిలో మొదలైంది. “మాఘం జనవరేనా?” అని అడిగితే నవ్వాడు. తేదీలన్నీ మళ్లీ సరిచేసుకున్నాం.

సరిచేశాక చార్ట్‌లో కనిపించింది ఇది. 1898లో రైల్వేలు, గనుల కోసం ఒక బ్యూరో పెట్టి మొదటి నిబంధనలు తెచ్చారు. పెట్టుబడిలో కనీసం పదింట మూడు వంతులు చైనీయులది ఉండాలన్నారు. 1902 మార్చిలో విదేశాంగ శాఖ వాటిని మార్చింది. 1903 సెప్టెంబరులో, అంటే ఒప్పందం గడువు తీరిన నెలలోనే, వాణిజ్య శాఖ అని కొత్త మంత్రిత్వ శాఖ ఏర్పడింది. 1904 మార్చిలో ఆ శాఖ 38 సెక్షన్ల తాత్కాలిక నిబంధనలు ప్రకటించింది. విదేశీ వాటా చైనీయుల వాటాను మించకూడదంది. ఈలోగా వూచాంగ్‌లో గవర్నర్ జనరల్‌గా ఉన్న జాంగ్ జీదోంగ్‌కి అసలు నిబంధనల ముసాయిదా పని అప్పగించారు. ఆయన పలు దేశాల గనుల చట్టాలు అనువాదం చేయించి చదివించి, 1905 చివర్లో ముసాయిదా సమర్పించాడు. మంత్రిత్వ శాఖల్లో నలిగి 1907 సెప్టెంబరులో అది చట్టమైంది. అసలు నిబంధనలు 74, అనుబంధం 73.

“మేడం, వీళ్లు ఆలస్యం చేయలేదు కదా? ఆగకుండా రాస్తూనే ఉన్నారు” అన్నాడు.

అక్కడే ఆగమన్నాను. ఆ మాటతోనే పాత గోతిలో మళ్లీ పడొచ్చు. గడువు దాటిన మాట నిజమే. కాకపోతే ‘ఆలస్యం’ అన్న ఒక్క పేరుతో మేం రెండు వేర్వేరు సంగతుల్ని పిలుస్తున్నాం. నిబంధనలు రాకపోవడం ఒకటి, కోరుకున్న నిబంధనలు రాకపోవడం ఇంకొకటి. 1904 మార్చి తర్వాత నిబంధనలు లేవనడానికి వీల్లేదు. విదేశీ రాయబారులు వాటిని ఒప్పుకోలేదు, అంతే. ఆ రోజు నుంచి వాళ్ల నోట్లలో ఉన్నది పైకి కాలం గురించిన ఫిర్యాదులా కనిపించినా, నిజానికి నిబంధనల్లోని విషయం గురించిన ఫిర్యాదు.

ఇంకో తేదీ కూడా చార్ట్ వల్లే దొరికింది. ఒప్పందం మీద సంతకాలు 1902 సెప్టెంబరులో. ఇరు ప్రభుత్వాల ఆమోద పత్రాలు మార్చుకున్నది 1903 జులై 28న. గడువు మొదలైంది సంతకం రోజు నుంచి కాబట్టి, ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి మిగిలింది ఐదు వారాలు. సామ్రాజ్యం మొత్తానికి గనుల చట్టం రాయడానికి! మొదటి డ్రాఫ్టులో ‘ఏడాది ఇచ్చినా చేయలేదు’ అన్న వాక్యాన్ని అతనే ఎర్రపెన్నుతో కొట్టేశాడు.

తర్వాత ఆర్టికల్‌లోని చివరి వాక్యం. కొత్త నిబంధనలు ప్రకటించిన తర్వాత ఇచ్చే హక్కులకే అవి వర్తిస్తాయని అందులో ఉంది. మూడు డ్రాఫ్టుల్లోనూ దాన్ని ఎత్తి రాశాడు, ఒక్కసారీ దాని మీద ఆగలేదు. సింగరేణి నెల తర్వాత ఆగాడు. నిబంధనలు రాకముందే హక్కు కాగితం సంపాదించుకున్నవాడికి కొత్త షరతులు తగలవు. అంటే నిబంధనలు ఎంత ఆలస్యమైతే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకునేవాళ్లకు అంత వెసులుబాటు. పెకింగ్‌లో దౌత్యవేత్త తొందరపెడుతుంటే, రాష్ట్రాల్లో అదే దేశపు కంపెనీ ఏజెంటుకి తొందరేమీ అక్కర్లేదు. ఇది కుట్ర అని రాయొద్దన్నాను. ఇద్దరూ ఒకే కార్యాలయంలో కూర్చుని అనుకున్నట్టు మా దగ్గర కాగితం లేదు. ఆ వాక్యం ఆలస్యానికి ఒక ధర పెట్టిందని మాత్రం రాయొచ్చు.

ఆలస్యం ఒక్క వైపుదే కాదని చూపించింది అన్హుయ్ రాష్ట్రంలోని టోంగ్‌గ్వాన్‌షాన్ కేసు. సర్ జాన్ లిస్టర్ కే నడిపిన లండన్ కంపెనీకి 1904లో అక్కడి గనుల ఒప్పందం ఖరారైంది. పన్నెండు నెలల్లో పని మొదలుపెట్టకపోతే చెల్లదని షరతు. గడువు దాటింది. చెల్లదని చైనా అంది, చెల్లుతుందని బ్రిటిష్ రాయబార కార్యాలయం అంది. ఏళ్ల తరబడి లాగి లాగి 1910లో 52,000 పౌండ్లు ఇచ్చి చైనా వదిలించుకుంది. చైనా గడువు దాటితే అది ఒప్పంద ఉల్లంఘన, బ్రిటిష్ కంపెనీ గడువు దాటితే అది మాట్లాడుకోవాల్సిన వ్యవహారం. చార్ట్ మీద ఈ రెండు గడువులూ ఒకదాని కింద ఒకటి పడ్డాయి. చాప్టర్‌కి మధ్య స్తంభం అదే అయింది.

అసలు ముడి

ఇన్ని చేసినా ఒకటి మిగిలింది. జాంగ్ జీదోంగ్ ముసాయిదాలో అంత కష్టమేంటి? ఇతర దేశాల చట్టాలు చూసి రాయమన్నారు కదా, చూసి రాస్తే సరిపోదా?

దీని జవాబు తొమ్మిదో ఆర్టికల్‌లో లేదు, అదే ఒప్పందంలో పన్నెండో ఆర్టికల్‌లో ఉంది. అప్పట్లో చైనాలో ఉన్న బ్రిటిష్ పౌరుడి మీద చైనా కోర్టుకి అధికారం లేదు. అతని మీద కేసు వేయాలంటే బ్రిటిష్ కాన్సుల్ దగ్గరికో, షాంఘైలోని బ్రిటిష్ కోర్టుకో వెళ్లాలి. చైనా తన న్యాయవ్యవస్థను సంస్కరించుకున్నాక, అది తృప్తికరంగా ఉందని తమకు అనిపించినప్పుడు ఈ హక్కు వదులుకుంటామని బ్రిటన్ పన్నెండో ఆర్టికల్‌లో మాటిచ్చింది. ఎప్పుడు అన్నదానికి గడువు లేదు. గనుల నిబంధనలకు ఏడాది, కోర్టు హక్కు వదులుకోవడానికి ‘తృప్తి కలిగినప్పుడు’.

ఇప్పుడు ముసాయిదా రాసేవాడి స్థానంలో కూర్చోమన్నాను మావాడిని. ఇండియా నిబంధనలు తీసుకో. అక్కడ గని నడిపే ఇంగ్లీషువాడు ఇండియా ప్రభుత్వం చేసిన చట్టానికే లోబడాలి. 1901 గనుల చట్టం కింద ఇన్‌స్పెక్టర్ వస్తే గని చూపించాలి. బ్రిటన్‌లో నిబంధనలు తీసుకో, అక్కడా అంతే. బయటి దేశాల్లో అందరూ ఒప్పుకునే నిబంధనలన్నిటికీ పునాది ఒకటే, గనివాడు ఆ నేల చట్టానికి లోబడి ఉండటం. ఆ పునాది వదిలేసి పై అంతస్తులు కాపీ కొట్టమంటే ఎలా? షాంఘై లాంటి రేవుల్లో ఎలాగో నెట్టుకొచ్చారు. గని రేవులో ఉండదు. కాన్సుల్ లేని లోపలి జిల్లాల్లో, వందలమంది కూలీలతో, ఊళ్ల కింద ఉంటుంది.

కైపింగ్ బొగ్గు గనులతో ఆ నొప్పి చైనాకు అప్పటికే తెలుసు. 1900–01 బాక్సర్ కల్లోలంలో ఆ గనులు బ్రిటిష్ కంపెనీ చేతికి పోయాయి. ఆ వ్యవహారంలో తిరిగిన ఇంజనీర్లలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ ఒకడు. చైనా గని, చైనా భూమి, చైనా డైరెక్టరు జాంగ్ యీ. న్యాయం కోసం ఆయన లండన్ వెళ్లి దావా వేయాల్సి వచ్చింది. 1905లో తీర్పు కొంత ఆయన పక్షానే వచ్చినా గనులు మాత్రం తిరిగి రాలేదు.

ఈ వెలుగులో చూస్తే 1907 నిబంధనల లాజిక్ తెలుస్తుంది. విదేశీయుడు చైనీయుడితో కలిసి భాగస్వామిగానే రావాలి. భూమి అతని పేరున ఉండదు. చైనా చట్టానికి లోబడతానని ఒప్పుకోవాలి. నేల పైభాగం హక్కు వేరు, నేల కడుపులోని ఖనిజం హక్కు వేరు. ఈ చివరిది మావాడికి విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. “మా ఊళ్లో పట్టా మాది, కింద బొగ్గు కంపెనీది, అంతేగా మేడం. రాయి కొట్టుకున్నా సర్కారుకి సీనరేజి కట్టాల్సిందే” అన్నాడు. ఐరోపా చట్టాలు చదివి జాంగ్ జీదోంగ్ తెచ్చింది అచ్చంగా అదే.

అంటే ‘అందరూ ఒప్పుకునే విదేశీ నిబంధనలు’ కావాలని అడిగినవాళ్లకు అలాంటివే ఇచ్చాడు. దానికి పునాదిగా ఉండే చట్టాధికారంతో సహా. జోర్డాన్ ఒప్పుకోలేదు, ఇతర రాయబారులూ ఒప్పుకోలేదు. 1910లో మళ్లీ సవరణలు జరిగాయి.

ఈ కేసులో నాకు మిగిలినవి

గైడ్‌గా నేను మార్చుకున్న అలవాట్లు కొన్ని ఉన్నాయి. దౌత్య పత్రాల మీద పనిచేసే విద్యార్థి చేత ఇప్పుడు ముందు ఒప్పందం మొత్తం చదివిస్తున్నాను, తనకు కావలసిన ఆర్టికల్ ఒక్కటే కాదు. తొమ్మిది, పన్నెండు ఒకే కాగితంలో ఉండగా మేం మొదటి ఏడాది పన్నెండు ముట్టుకోలేదు. సూచికలో ‘గనులు’ అన్న మాట కింద అది రాదు మరి.

రెండు దేశాల పత్రాలు ఒకే మాట అంటుంటే, ఆ ఇద్దరి మధ్య కాగితాలు తిరిగాయేమో ముందు చూడమంటాను. ఉద్దేశాలు రాయడం చిట్టచివరి పని. మావాడు చివరి డ్రాఫ్టు దాకా “చైనా కావాలనే జాప్యం చేసింది” అని గానీ “చేయలేదు” అని గానీ రాయకుండా నెగ్గుకొచ్చాడు, చాప్టర్ ఏమీ పలచబడలేదు. మొదటి సలహా తప్పయినప్పుడు గైడ్ ఆ మాట విద్యార్థితో నోరు తెరిచి చెప్పడం కూడా ఉంది. నేను చెప్పేసరికి ఆరు నెలలైంది. ముందే చెప్పి ఉంటే ఆ రెండు వారాల అలక ఉండేది కాదు.

సింగరేణి నెల గురించి మాత్రం ఇప్పటికీ నాలో నాకే వాదన. టైమ్ టేబుల్ లెక్కన అది దండగ. కానీ అది లేకపోతే ఆర్టికల్ చివరి వాక్యం దగ్గర అతను ఆగేవాడు కాదేమో. సొంత ఊరి నుంచి వచ్చే పోలికల్ని ఇప్పుడు వెంటనే కొట్టేయను. ఒక నెల తిరగనిచ్చి, ఆ తర్వాత కొట్టేస్తాను.

వైవా రోజు, మొదటి డ్రాఫ్టు తిప్పి పంపిన ఆ సభ్యుడే అడిగారు. “మరి చివరికి బ్రిటిష్ వాళ్లు కోరుకున్న నిబంధనలు వచ్చాయా?” మావాడు సామెతలేవీ చెప్పలేదు. ఆఖరి ఫుట్‌నోట్ తీసి చదివాడు. సామ్రాజ్యం కూలిపోయాక 1914 మార్చిలో చైనా రిపబ్లిక్ కొత్త గనుల నిబంధనలు తెచ్చింది. విదేశీయుల వాటా సగానికి మించకూడదని వాటిలో ఉంది. 1904 తాత్కాలిక నిబంధనల్లో రాసింది కూడా అదే.

“అయితే పదేళ్ల నోట్లు?” అన్నారాయన.

“పెట్టెల్లో ఉన్నాయి సార్” అన్నాడు.